అడిగితే కదిలే పని

విత్తనం గురించి, ఎరువు మోతాదు గురించి, పురుగు మందుల గురించి ఎప్పుడూ చెప్పుకునేదే. ఈ వారం మాట గురించి చెప్పుకుందాం. మాటలదేముంది, కోటలు దాటతాయి అని కొట్టెయ్యొద్దు. రెండెకరాల రైతుకు సొంత ట్రాక్టరుండదు. కోత మిషను బాడుగకు రావాలి. నాట్లకు మనుషులు పక్క ఊరి నుంచి రావాలి. నీళ్లు ఎగువ కయ్య దాటి రావాలి. సేద్యంలో సగం పని ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు, వాళ్లతో ఎట్లా మాట్లాడుతున్నామన్నది కూడా పెట్టుబడి కిందే లెక్క.

మనసు ఎట్లా పనిచేస్తుందో చూసే మనస్తత్వ శాస్త్రం ఈ విషయంలో ఒక గట్టి సంగతి చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో మంచి మాంసం సైన్యానికి పోయేది. గుండె, కాలేయం, మూత్రపిండాలు ఇళ్లలో వండుకోమని జనాన్ని ఒప్పించాల్సి వచ్చింది. అక్కడి ఆడవాళ్లకు అవంటే ఏవగింపు. (మన దగ్గరైతే ముందు అయిపోయేది అదే!) కర్ట్ లెవిన్ అనే శాస్త్రవేత్త కొన్ని గుంపులకు ఉపన్యాసం ఇప్పించాడు. అందులో ఉండే బలం, దేశానికి జరిగే మేలు అన్నీ చెప్పించాడు. మిగతా గుంపులను మాత్రం, "మీలాంటి ఇల్లాళ్లు వీటిని వండాలంటే అడ్డమేంటి?" అని అడిగి, వాళ్లలో వాళ్లను మాట్లాడుకోనిచ్చి, చివర ఎవరు వండుతారో చేతులెత్తమన్నారు. వంట విధానం రెండు రకాల గుంపులకూ ఇచ్చారు. తర్వాత విచారిస్తే, ఉపన్యాసం విన్నవాళ్లలో నూటికి ముగ్గురు వండారు. మాట్లాడుకున్నవాళ్లలో నూటికి 32 మంది వండారు.

దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదు. 1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు సారా మీద పాఠం చదివి ఊరుకోలేదు, తమ ఇంటి సంగతులు ఒకరికొకరు చెప్పుకున్నారు. సారా చెడ్డదని అంతకుముందు చెప్పినవాళ్లు లేక కాదు. కానీ ఏం చెయ్యాలో వాళ్లే అనుకున్నారు కాబట్టి దూబగుంట ఆడవాళ్లు కదిలారు. రోశమ్మ పేరు ఊరూరికీ తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారు, అది వేరే కథ.

నీళ్ల దగ్గరికి వద్దాం. సంగం దగ్గర పెన్న నుంచి మళ్లిన నీళ్లు కనిగిరి రిజర్వాయరు చేరి, కాలవలు దిగి కోవూరు, విడవలూరు వైపు చివరి కయ్యలకు వచ్చేలోపు ఎన్ని మడవలు దాటాలో మీకు చెప్పనక్కర్లేదు. వరి పొట్ట మీదో, పూత మీదో ఉండగా కయ్య ఎండితే తాలు తప్పదు. అందుకే చివరి రైతు పార భుజాన వేసుకుని కోపంగానే పోతాడు. "నీళ్లన్నీ నువ్వే కట్టేసుకున్నావు, నీకు మనసుందా?" అంటాడు. ఆ కోపం న్యాయమైందే. అయితే నింద పడ్డ మనిషి ముందు తనను తాను కాపాడుకుంటాడు. "నా కయ్య మాత్రం నిండిందా?" అంటాడు. ఇక మాట నీళ్ల మీద నిలవదు. పోయినేడు గట్టు చెక్కిన సంగతి, వాళ్ల నాయన సంగతి బయటికొస్తాయి. మడవ మాత్రం అట్నే ఉంటుంది.

ఇట్లా అడిగి చూడండి. "అన్నా, నాది పొట్ట మీదుంది, ఇంకో రెండు రోజులు ఎండితే తాలైపోద్ది. నీ కయ్య తడిసేసరికి ఎంత పొద్దవుద్ది?" అని, జవాబొచ్చేదాకా ఆగండి. "చూద్దాంలే" అన్నది జవాబు కాదు. "తెల్లారి నాలుగింటికి వచ్చి నేను తిప్పుకుంటే సరిపోద్దా?" అని గంట పెట్టించండి. "పంపిస్తాలే" అన్న మాట నిద్రతో పోతుంది. తన నోటితో గంట చెప్పినవాడు తప్పడానికి వెనకాడతాడు.

కాలవ కింద పదిమంది కూర్చుని వంతులు అనుకునేటప్పుడు చివరి కయ్య రైతును మొదట మాట్లాడించండి. పెద్ద రైతు మొదలుపెడితే మిగతావాళ్లు తలూపి లేచిపోతారు, రాత్రికి ఎవరి దారి వాళ్లదే. ఎవరి వంతు ఎప్పుడో వాళ్ల చేతనే చెప్పించి, కాగితం మీద రాసి, అందరికీ వినపడేట్టు చదవండి.

ఇది అందరి దగ్గరా పారుతుందని చెప్పం. తూము పగలగొట్టి, మోటారు పెట్టి లాగేవాడికి మంచి మాట ఎక్కదు. అక్కడ లస్కరుకు చెప్పాలి, 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘానికి చెప్పాలి. ఒక్కరే పోవద్దు, ఆ కాగితం తీసుకుని నలుగురు కలిసి పోండి.

నాట్ల దగ్గరా ఇదే తంతు. గుత్తకు వచ్చిన ముఠా తొందరలో కుదుళ్లు పలచన చేస్తుంది. గట్టు మీద నుంచి అరిస్తే మీరున్నంతసేపే దగ్గరగా నాటతారు. మీరే కయ్యలో దిగండి. చదరపు మీటరుకు 33 కుదుళ్లు అంటే ఎంత దగ్గరో నాటి చూపించండి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట ఎందుకో చెప్పండి. గాలి, వెలుతురు ఆడితే దోమ ఉధృతి తగ్గుతుందని చెప్తే, బాట వదలడం రైతు చాదస్తం కాదని వాళ్లకూ తెలుస్తుంది. "ఇట్లా నాటితే సాయంత్రానికి ఎంత అవుద్ది అక్కా?" అని ముఠా పెద్దను అడగండి. పని ఎక్కువ పడుతుందంటే గుత్త కొంచెం పెంచక తప్పదు. ఉత్త మంచి మాటతో కూలి డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే రెండోసారి ఆ ముఠా మీ కయ్యకు రాదు.

వ్యవసాయాధికారి దగ్గరికి పోయినప్పుడు మాత్రం అడిగే ముందు చెప్పడం నేర్చుకోవాలి. "సార్, తెగులొచ్చింది, మందు రాయండి" అంటే ఆయనా గుడ్డిగా రాయాల్సిందే. మందుల కొట్లో అడిగితే కొట్లో ఉన్నదే చేతిలో పెడతారు. "నాటి 40 రోజులైంది, అక్కడక్కడా మొవ్వు ఎండింది, పీకితే ఊడొస్తోంది" అని చెప్పండి. కాండం తొలిచే పురుగేమోనని ఆయన వెంటనే ఆ వైపు చూస్తాడు. వేసిన రకం, చల్లిన ఎరువు, కొట్టిన మందు ఒక చీటీ మీద రాసుకోండి. దెబ్బతిన్న మొక్కను వేళ్లతో సహా పీకి, తడి గుడ్డలో చుట్టి పట్టుకుపోండి.