ఎర్ర గరప నేలల్లో నేలసంపంగి ‘ప్రజ్వల్’ సాగు

అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. బుక్కరాయసముద్రం మండలంలోని ఎర్ర గరప నేలల్లో పూలసాగు ప్రధానంగా బోరునీటిపై ఆధారపడి ఉంది. ఒకసారి నాటితే రెండు మూడేళ్లు పూలనిచ్చే నేలసంపంగి (మార్కెట్‌లో లిల్లీ) ఇక్కడ పరిశీలించదగిన పంట. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శృంగార్, మెక్సికన్ సింగిల్ రకాలను సంకరపరచి ‘ప్రజ్వల్’ను రూపొందించింది. దీని మొగ్గలు లేత గులాబీ ఛాయతో, విచ్చిన పూలు తెల్లగా ఉంటాయి. విడిపూలకు, కాడపూలకు రెండింటికీ ఇది అనుకూలం.

అయితే రకం పేరు చూచి దుంపలు కొంటే చాలదు. వేరుబుడిపె నులిపురుగు సోకిన తోటలోని దుంపలతో ఆ పురుగు కూడా పొలానికి చేరుతుంది. టమాట, వంగ పండించిన నేలలో అది ముందే ఉండవచ్చు. కొనుగోలుకు ముందు ఆ తోటలో నాలుగైదు మొక్కలను పెకలించి వేళ్లను పరీక్షించాలి. ఈ గంట శ్రమను తప్పించుకొని రెండేళ్ల పంటను నష్టపోవడం తరచుగా జరిగేదే. సందేహముంటే మొక్కను వేళ్లతో సహా రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపవచ్చు.

తవ్విన దుంపలను నెలరోజులు నీడలో ఆరబెట్టి, 1.5-2.5 సెం.మీ. వ్యాసమున్నవాటిని ఎంపిక చేయాలి. 45 × 20 సెం.మీ. దూరంలో, మొన పైకి ఉండేలా, సుమారు 5 సెం.మీ. లోతున నాటాలి. నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది. పూకాడ వెలువడేటప్పుడు తడి తగ్గితే కాడ పొట్టిగా మిగులుతుంది. కనుక బిందుసేద్యం అవసరం. సాగు విస్తీర్ణాన్ని ఏప్రిల్-మే నెలల్లో బోరు ఇచ్చే నీటిని బట్టి నిర్ణయించాలి.