చిలక కన్నా ముందే జామ అందాలంటే

ఢిల్లీ ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో నేల అంతస్తు ఇల్లు దక్కితే కాస్త పెరటి జాగా కలిసొస్తుంది. అక్కడ జామచెట్టు పెంచుకున్నవారికి ఒక సంగతి అనుభవమే: కాయ రేపు కోద్దామనుకుంటే చిలక ఇవాళే కొట్టేస్తుంది.

మనిషి కంటిలో రంగులను గుర్తించే శంకు కణాలు మూడు రకాలు. చిలక కంటిలో నాలుగు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా దానికి కనిపిస్తుంది. పైగా రామచిలుక పూర్తిగా పండేదాకా ఆగదు. పిగిలిపిట్ట, కోకిల మెత్తటి పండు తిని గింజలను మరోచోట విసర్జిస్తాయి, అలా మొక్కలు వ్యాపిస్తాయి. చిలక మాత్రం గింజలను కూడా ముక్కుతో నలిపేస్తుంది. సగం కొరికి, మిగతాది కింద పడేసి ఇంకో కాయ మీదికి పోతుంది. తిన్నదానికన్నా పారేసేదే ఎక్కువనిపిస్తుంది.

మరి బెదరగొడితే? ‘అల్ట్రాసోనిక్’ పరికరాలు బజారులో చాలా ఉన్నాయి. వాటి మీద డబ్బు పెట్టకపోవడమే మంచిది. అతిధ్వని అంటే 20 కిలోహెర్ట్జ్ పైమాట. చాలా పక్షులు బాగా వినేది 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, 10 దాటితే దాదాపు ఏమీ వినపడదు. వినపడని చప్పుడుకు చిలక ఎందుకు బెదురుతుంది?

మెరిసే రిబ్బన్లు కాస్త నయం. పంట పొలాల్లో పక్షుల బెడదపై హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చాలాకాలంగా పరిశోధన సాగుతోంది. అక్కడివారు సూచించే పద్ధతుల్లో ఈ రిబ్బన్లు కూడా ఉన్నాయి. రిబ్బన్‌ను రెండు మూడు మెలికలు తిప్పి కడితే ఎండకు తళుక్కుమంటుంది, గాలికి కంపించి గుయ్‌మని మోగుతుంది. అయితే ప్రమాదమేమీ లేదని పక్షి కొద్ది రోజుల్లోనే కనిపెట్టేస్తుంది. కాయలు దోరకొచ్చే వారం ముందు కట్టి, చోటు మారుస్తూ, కోత కాగానే తీసేస్తేనే దాని వల్ల ప్రయోజనం.

వల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. సన్నటి నైలాన్ దారంతో అల్లిన, పెద్ద కన్నుల వలను చెట్టు మీద వదులుగా పరిస్తే పక్షి కాళ్లు, రెక్కలు చిక్కుకుంటాయి. విడిపించుకోబోయి రెక్క విరుచుకుంటుంది. రాత్రి గబ్బిలాలదీ ఇదే గతి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2021 సెప్టెంబరు నుంచి ఇళ్లలో పండ్లచెట్లపై వేసే వల కన్ను, పూర్తిగా సాగదీసినా 5 మిల్లీమీటర్లు మించకూడదని నియమం పెట్టింది. చిటికెన వేలు దూరే వల కొనవద్దన్నది సులువైన గుర్తు. వల వేస్తే చట్రం మీద బిగుతుగా కట్టి, రోజూ చూడాలి. రామచిలుకకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కాబట్టి దాన్ని పట్టడం, పంజరంలో పెంచడం నేరం. గాయపడ్డ పక్షి కనిపిస్తే ఢిల్లీవాసులకు ఎర్రకోట ఎదుట జైన్ లాల్ మందిర్ ఆవరణలో పక్షుల ఆసుపత్రి ఉంది.

నాలుగైదు కొమ్మల పెరటి చెట్టుకు వల కన్నా సంచి మేలు. కాయ గట్టిగా, ముదురు ఆకుపచ్చగా ఉండగానే దానికి నాన్-ఓవెన్ సంచి, అంటే దుకాణాల్లో ఇచ్చే గుడ్డలాంటి సంచుల రకం, తొడిగి తొడిమ దగ్గర కట్టాలి. గాలి ఆడుతుంది, పండు ఈగ కూడా లోపలికి పోలేదు. ప్లాస్టిక్ కవరైతే చెమ్మ పట్టి కాయ కుళ్లుతుంది. పట్టుదల గల చిలక సంచినీ చింపుతుంది గానీ, కాయ కనిపించనప్పుడు అంత ఓపిక సాధారణంగా చూపదు.

ఇంకో ఉపాయానికి ఖర్చే లేదు. ముదిరిన జామ కోశాక కూడా పండుతుంది. కాబట్టి ముదురు ఆకుపచ్చ లేతగా మారగానే, దోరకాయగా కోసి ఇంట్లో రెండు మూడు రోజులు ఉంచితే చాలు. పక్కన ఒక అరటిపండు పెడితే, దాన్నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు పని తొందర చేస్తుంది.

చిలక కొట్టిన పండు తియ్యన అన్న మాట వెనక కూడా ఈ ఇథిలీన్ ఉండొచ్చు. గాయమైన పండులో అది ఎక్కువగా పుట్టి, పండటం వేగమవుతుంది. అయినా అలాంటి పండు తినకూడదు. ఆ గాటు పగలు చిలక పెట్టిందో, రాత్రి గబ్బిలం పెట్టిందో చెప్పలేం. కొన్ని గబ్బిలాలు నిపా వైరస్‌ను మోస్తాయి కనుక, కొరికిన పండ్లు తినవద్దని ఆరోగ్య శాఖల సలహా.

పెరట్లో దానిమ్మ ఉంటే మాత్రం ముందే కోసే ఉపాయం పనికిరాదు. అది కోశాక పండదు. దానికి సంచే దిక్కు.