పాఠం 14: త్రిమితీయ కణజాల వర్ధనంలో యంత్రాల పాత్ర

ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆర్గనాయిడ్ అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• వాటి తయారీలో రోబోను ఎందుకు ఉపయోగిస్తారో వివరించగలుగుతారు.
• ఈ పద్ధతికి గల పరిమితులను గుర్తించగలుగుతారు.

14.1 పరిచయం
శరీరం నుంచి తీసిన కణాలను పోషక ద్రవంలో పెంచడాన్ని కణజాల వర్ధనం అంటారు. సాధారణంగా ఈ కణాలు పళ్లెం అడుగున ఒకే పొరగా పరచుకొంటాయి. మన శరీరంలో అలా కాదు. ప్రతి కణానికీ పైన, కింద, పక్కల ఇతర కణాలు ఉంటాయి. అందువల్ల పళ్లెంలో బాగా పనిచేసిన మందు రోగి శరీరంలో పనిచేయకపోవచ్చు.

14.2 ఆర్గనాయిడ్లు
మూలకణాలను జెల్లీ వంటి పదార్థంలో ఉంచి, తగిన రసాయన సంకేతాలు అందిస్తే అవి విభజన చెంది, తమంతట తామే అమరి, అవయవాన్ని పోలిన చిన్న ముద్దగా ఏర్పడతాయి. దీనినే ఆర్గనాయిడ్ అంటారు. 2009లో నెదర్లాండ్స్‌లో హన్స్ క్లెవర్స్ బృందం ఎలుక పేగులోని ఒక్క మూలకణం నుంచి పేగు ఆర్గనాయిడ్‌ను పెంచింది.

14.3 యంత్రం ఎందుకు?
రెండు మడులలో రెండు ఎరువులను పోల్చి చూడాలనుకోండి. విత్తనం, నేల, నీరు రెండింటిలోనూ ఒకేలా ఉండాలి. లేకపోతే దిగుబడిలో తేడా ఎరువు వల్ల వచ్చిందో, నీటి వల్ల వచ్చిందో చెప్పలేం. మందుల పరీక్ష కూడా అంతే. చేతితో పనిచేసేటప్పుడు ఒకచోట కణాలు ఎక్కువ, మరొకచోట తక్కువ పడవచ్చు. పైగా వారాల తరబడి పోషక ద్రవాన్ని మారుస్తూ ఉండాలి.

14.4 ఒక ఉదాహరణ
2018లో అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బెంజమిన్ ఫ్రీడ్‌మన్ బృందం మానవ మూలకణాల నుంచి మూత్రపిండ ఆర్గనాయిడ్లను రోబోతో తయారుచేసింది. ఇడ్లీ రేకును గుర్తుకు తెచ్చుకోండి. అటువంటి చిన్న చిన్న గుంటలు 384 గల ప్లేటును వారు వాడారు. పని ఈ క్రమంలో జరుగుతుంది:
1. రోబో ప్రతి గుంటలో ఒకే కొలతలో కణాలను వేస్తుంది.
2. నియమిత సమయాలలో రసాయన సంకేతాలను అందిస్తుంది, ద్రవాన్ని మారుస్తుంది.
3. సుమారు 21 రోజులకు ఆర్గనాయిడ్లు ఏర్పడతాయి.
4. యంత్రమే సూక్ష్మదర్శినితో చిత్రాలు తీస్తుంది.
ఇంత పెద్ద ప్రయోగాన్ని సిద్ధం చేయడానికి మనిషికి రోజంతా పడుతుంది. రోబోకు 20 నిమిషాలు చాలు.
మూత్రపిండాలలో నీటితిత్తులు ఏర్పడే వంశపారంపర్య వ్యాధి గల ఆర్గనాయిడ్లను కూడా వారు పరీక్షించారు. మయోసిన్ అనే ప్రోటీన్‌ను అడ్డుకొనే రసాయనం చేర్చినపుడు తిత్తులు పెరిగాయి. ఇది వారు ఊహించని ఫలితం.

14.5 పరిమితులు
ఆర్గనాయిడ్లలో సాధారణంగా రక్తనాళాల ప్రసరణ ఉండదు. ముద్ద పెద్దదైతే మధ్యలోని కణాలు ఆక్సిజన్ అందక చనిపోతాయి. రోబోకు తప్పు కొలత ఇస్తే 384 గుంటలలోనూ అదే తప్పు జరుగుతుంది. అందుచేత మందు వేయని గుంటలను పోలిక కోసం తప్పక ఉంచాలి.
2023లో మన దేశం కొత్త మందుల నిబంధనలను సవరించి, జంతు పరీక్షలకు బదులుగా ఆర్గనాయిడ్ల వంటి పద్ధతులకు కూడా చోటు కల్పించింది. కాబట్టి గుంటలన్నీ ఒకేలా ఉండటం ప్రయోగశాలకే పరిమితమైన విషయం కాదు. రేపు ఆ మందు వాడే రోగి క్షేమం దానిపై ఆధారపడి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. ఆర్గనాయిడ్లను వేటి నుంచి పెంచుతారు?
2. రోబో వల్ల వేగం కాక మరో ముఖ్యమైన లాభం ఏది?
3. పెద్ద ఆర్గనాయిడ్ మధ్యలోని కణాలు ఎందుకు చనిపోతాయి?

మీరు నేర్చుకొన్నవి
• ముద్దగా అమరేవి కణాలే. యంత్రం వాటికి ఒకే రకమైన పరిస్థితులు కల్పిస్తుంది.
• పరిస్థితులు ఒకేలా ఉంటేనే మందు ప్రభావాన్ని సరిగా పోల్చగలం.

జవాబులు
1. మూలకణాల నుంచి.
2. అన్ని గుంటలలో ఒకే కొలత, ఒకే పరిస్థితి.
3. రక్తప్రసరణ లేక ఆక్సిజన్ అందదు.