పాత స్పోర్ట్స్ కారును కిందికి దించితే చట్టం ఏమంటుంది?

ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారును 1974 చివర్లో కంపెనీయే దాదాపు అంగుళం పైకి లేపింది. అమెరికా నిబంధనల కోసం చేసిన మార్పు అది. మలుపుల్లో కారు పట్టు తగ్గిందని అభిమానులకు నేటికీ బాధే. అందుకే చాలా దేశాల్లో యజమానులు ముందు పొట్టి కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టకూ ఇరుసుకూ మధ్య దిమ్మెలు వేయించి దాన్ని మళ్లీ దించుకుంటారు. సికింద్రాబాద్‌లో అలాంటి కారున్నవారు రాణిగంజ్‌లో సామాను కొని ఆ పని చేయించుకోవచ్చా?

‘ఆర్సీలో ఎత్తు రాయరు కదా’ అని మెకానిక్ భరోసా ఇవ్వొచ్చు. ఆర్సీలో ఆ వివరం ఉండదన్నది నిజమే, కానీ ఆ ధీమా చాలదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, నిర్మాణంలో మార్పు వల్ల వాహనం మౌలిక స్వరూపం మారితే అది ‘ఆల్టరేషన్’. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు, తయారీదారు నిర్దేశించిన అసలు లక్షణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని తేల్చింది. స్ప్రింగు మార్పు నిర్మాణంలో మార్పు కాదని వాదించడానికి చోటుంది. అయితే అది అప్పీలులో వినిపించాల్సిన వాదన, అనుమతి పత్రం కాదు. 1975 నాటి కారుకు ‘అసలు ఎత్తు’ అంటే కంపెనీ పెంచిన ఎత్తే అన్నదీ గుర్తుంచుకోవాలి.

అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ఇంతకంటే పెద్ద నష్టం మరోచోట ఉంది. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కారుకు పదేళ్ల ప్రత్యేక రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. కొత్తగా చేయించుకుంటే రుసుము 20,000 రూపాయలు. కారు మాత్రం అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. స్ప్రింగుల పేరు అందులో లేదు. కానీ కొత్త స్ప్రింగు పట్టించడానికి ఛాసిస్‌ను కోసినా, వెల్డింగ్ చేసినా ఆ అర్హతకే ఎసరు. దశాబ్దాలు కాపాడుకున్న కారుకు ఆ ముప్పు తెచ్చుకోవడం తగదు.

కాబట్టి పనికి ముందే తిరుమలగిరి ఆర్టీఏ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. బీమా కంపెనీకీ రాసి చెప్పాలి. చెప్పని మార్పు బయటపడితే సొంత కారు నష్టపరిహారం దగ్గర పేచీ తప్పదు. పాత స్ప్రింగులు అమ్మేయకుండా దాచుకుంటే కారును మళ్లీ యథాస్థితికి తేవచ్చు.

అధికారి రిజిస్ట్రేషన్‌ను సస్పెండ్ చేయదలిస్తే, 53వ సెక్షన్ ప్రకారం ముందు నోటీసు ఇచ్చి యజమాని మాట వినాలి. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో 57వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. గ్యారేజీ పని చెడగొడితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు. వేసిన సామాను పేర్లతో బిల్లు, పనికి ముందూ తర్వాతా తీసిన ఫొటోలు అక్కడ సాక్ష్యాలవుతాయి.