పోటీ పరీక్షల ప్రత్యేకం: ఎఫెసస్ శిథిల నగరం

ఎఫెసస్ శిథిలాలు గ్రీస్‌లో లేవు. తుర్కియేలోని ఇజ్మీర్ ప్రావిన్స్‌లో, సెల్చుక్ పట్టణం పక్కన ఉన్నాయి. తడబడేది ఇక్కడే. గ్రీకులు స్థాపించిన ఈ రేవు పట్టణం రోమన్ల ఏలుబడిలో ఆసియా ప్రావిన్స్‌కు రాజధాని.

పాలరాతి వీధి వెంట దిగువకు నడిస్తే సెల్సస్ గ్రంథాలయం ఎదురవుతుంది. గవర్నర్‌గా పనిచేసిన సెల్సస్ జ్ఞాపకార్థం క్రీ.శ. 2వ శతాబ్దంలో కొడుకు తలపెట్టిన కట్టడమిది. తండ్రి సమాధి దాని కిందే ఉంది. ఒక పాలకుడికి ఇంతకన్నా గొప్ప స్మారకం అరుదు! ముఖభాగాన్ని 1970లలో ఆస్ట్రియా పురావస్తు నిపుణులు తిరిగి నిలబెట్టారు.

ఏడు వింతల్లో ఒకటైన ఆర్టెమిస్ ఆలయం చోట నేడు మిగిలింది ఒంటి స్తంభమే. కొండవాలులోని నాటకశాలలో సుమారు 25 వేల మంది పట్టేవారు. నది ఒండ్రుతో రేవు పూడి, వర్తకం తగ్గి, నగరం క్షీణించింది.

యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది 2015లో. ఈ సంవత్సరం గుర్తుంచుకోండి.