ఒకే అక్షరం, ఇద్దరు ప్రజ్ఞలు

షోలాపూర్,
ఆదివారం

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వు అంత దిగులుగా మాట్లాడావు, రాత్రంతా నాకు అదే ధ్యాస. పాప కడుపులో ఉన్నప్పుడే ప్రజ్ఞ అని పేరు అనుకున్నావు. ఇప్పుడేమో పుణెలో మీ పక్కింటివాళ్లు ‘ప్రద్న్యా’ అంటున్నారనీ, లక్నో నుంచి వచ్చిన మీ అత్తగారు ‘ప్రగ్యా’ అంటున్నారనీ, నువ్వు ‘ప్రగ్న’ అంటే అందరూ నీ నోటివైపు చూస్తున్నారనీ అన్నావు. ఎందుకొచ్చిన గొడవ, ఎవరు పలికినా ఒకేలా ఉండే మీరా అనో మాయా అనో పెట్టేస్తానన్నావు. అవీ మంచి పేర్లే. కానీ ఇష్టపడి పెట్టుకోవడం వేరు, జంకి పెట్టుకోవడం వేరు.

ముప్పై ఏళ్లు ఇక్కడి మరాఠీ బడిలో పాఠాలు చెప్పాను కదా. ఒక ఏడు నాలుగో తరగతి హాజరుపట్టీలో ఇద్దరు ప్రజ్ఞలు వచ్చారు. ఒకరు మరాఠీల పిల్ల. ఇంకొకరు మన పద్మశాలీల పిల్ల, మరమగ్గాల సందులోంచి వచ్చేది, వాళ్లమ్మ బీడీలు చుట్టేది. పట్టీలో ఇద్దరి పేరూ ఒకే రాత. మొదటి వారం ఇద్దరినీ ‘ప్రద్న్యా’ అనే పిలిచాను. మన పిల్ల లేచేది కాదు, పక్కన కూర్చున్నవాళ్లు మోచేత్తో పొడిస్తేగానీ పలికేది కాదు. చెవులు పనిచేయవా అని ఒకరోజు కసిరాను. సిరిసిల్ల నుంచి కోడలిగా వచ్చినదాన్ని, ఇంట్లో తెలుగే మాట్లాడేదాన్ని, ఆ పిల్లకు అది తన పేరులా వినపడటం లేదని నాకే తట్టలేదు. ఇంటర్వెల్లో దగ్గరకు పిలిచి, “మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తది?” అని తెలుగులో అడిగాను. తల వంచుకుని, ఎవరైనా వింటారేమో అన్నట్టు, “ప్రగ్న” అంది. తొమ్మిదేళ్ల పిల్ల సొంత పేరు గుసగుసగా చెప్పుకోవడం చూశాక నాకు అన్నం సహించలేదు.

మర్నాటి నుంచి ‘ప్రద్న్యా’ అంటే ఒకరు, ‘ప్రగ్న’ అంటే ఒకరు లేచేవారు. ఏడాదంతా ఒక్కనాడు కూడా తికమక పడలేదు. దీపావళి సెలవులు దాటేసరికి తరగతి పిల్లలంతా అలాగే పిలవసాగారు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

అసలు ఆ అక్షరమే అలాంటిది. జ కింద ఞ. రాసింది రాసినట్టు పలకబోతే నాలుక మెలిక పడుతుంది. అందుకే ఒక్కో భాష ఒక్కో దారి చూసుకుంది. మరాఠీ ‘ద్న్య’ అంది, హిందీ ‘గ్య’ అంది, మనం ‘గ్న’ అన్నాం. పాలి భాషలో అయితే జ పూర్తిగా పోయి ‘పఞ్ఞా’ అయింది. మన తెలుగులో యజ్ఞం జన్నం కాలేదూ? ఆజ్ఞ ఆన కాలేదూ? రాజ్ఞి కాస్తా రాణి అయి కూర్చుంది, ఇప్పుడు ఎవరికైనా అందులో ఆ జ్ఞ కనిపిస్తుందా! ఇంకో మాట. సంస్కృతంలో చివర దీర్ఘం ఉంది, ప్రజ్ఞా. సీతా, లతా, రమా అన్నవాటిని సీత, లత, రమ చేసుకున్నట్టే దీన్నీ మనమే కురచ చేసుకున్నాం. కాబట్టి మీ అత్తగారు దీర్ఘం తీస్తే సరిదిద్దబోకు. ఆ దీర్ఘం ఆమె దగ్గర నిలిచింది, మన దగ్గర జారిపోయింది.

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు గుర్తుందా? అందులోంచి బయటికొచ్చిన బండి పేరు ప్రజ్ఞాన్. ఇస్రో ఇంగ్లీషులో ‘గ్య’ వచ్చేలా రాసింది. మా వీధిలో మరాఠీవాళ్లు ‘ప్రద్న్యాన్’ అన్నారు, మనవాళ్లు ‘ప్రగ్నాన్’ అన్నారు. ఎవరు ఎలా పిలిచినా ఆ బండి చంద్రుడి మీద తిరిగింది. అదే ఏడు చదరంగం ప్రపంచకప్ ఫైనల్లో కార్ల్‌సన్‌తో ఆడిన చెన్నై కుర్రవాడి పేరులోనూ ఇదే అక్షరం. ఇంగ్లీషులో రెండు జీలు పెట్టి, చివర రెండు ఏలు పెట్టి రాసుకుంటాడు. లోకం ‘ప్రాగ్’ అని ముద్దుగా కుదించుకుంది గానీ బోర్డు మీద పూర్తి పేరే ఉంటుంది.

పలుకు మారితే అర్థమే తిరగబడే పేరయితే నేనే వద్దంటాను. స్వజనం అంటే అయినవాళ్లు, శ్వజనం అంటే కుక్కలు. శ, స కలిపేసే నోళ్లు మనవాళ్లలో ఎన్నో. అలాంటి చోట జాగ్రత్త పడాలి. ప్రజ్ఞకు ఆ చిక్కు లేదు.

నాకు భయం ఉన్నది ఇంగ్లీషు స్పెల్లింగు దగ్గర. నా పేరులో మొదటి అక్షరం కూడా ఆ జ్ఞాయే. ఊళ్లో బడి సర్టిఫికెట్టులో జీ, ఎన్. ఇక్కడ ఉద్యోగంలో చేరినప్పుడు గుమస్తా మరాఠీ పద్ధతిలో డీ, ఎన్, వై అని రాసుకున్నాడు. బ్యాంకులో ఎవరో జీ, వై చేశారు. దేవనాగరిలో చూస్తే అన్నిటా ఒకే పేరు. రిటైరయ్యాక ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేయమన్నారు. ఎనిమిది నెలలు పింఛను ఆగింది. మీ తాత నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు, మోకాళ్ల నొప్పితో.

అందుకని తొందరపడకు. పుట్టుక 21 రోజుల్లో నమోదు చేయించాలి గానీ పేరు అప్పుడే రాయాలని లేదు. ఏడాది లోపు ఉచితంగా చేర్చవచ్చు, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ల దాకా చేర్చవచ్చు. అయితే 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడికీ, ఆధార్‌కీ, పాస్‌పోర్టుకీ ఆ జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి అందులో ఏది రాస్తే అన్నిచోట్లా అదే. నన్నడిగితే జీ, ఎన్ పెట్టు, రోజూ నీ నోట వచ్చేది అదే కనుక. మరాఠీ గడిలో ఎలాగూ జ్ఞ ఉంటుంది.

తొట్టెల నాడు పళ్లెంలో బియ్యం పోసి, నువ్వు తెలుగులో రాయి, పక్కనే మీ ఆయన్ను హిందీలో రాయమను. పాప చెవిలో మాత్రం నువ్వు పిలిచినట్టే చెప్పు. మీ అత్తగారు ఆమె పద్ధతిలో పిలుచుకోనీ. పాపకు మాటలు వచ్చాక, “నీ పేరేంటమ్మా” అని ఎవరైనా అడిగితే నువ్వు అందుకోకు. దాన్నే చెప్పనివ్వు, గట్టిగా.

ఫారం నింపేముందు స్పెల్లింగు ఒక్కసారి నాకు ఫోన్లో చదివి వినిపించు. మీ తాత కూడా వింటానంటున్నాడు.

నీ
అమ్మమ్మ