తల్లి రక్తం – బిడ్డ ప్రాణం

తల్లి గర్భం శిశువుకు పెట్టని కోట. అయితే ఆ కోటలోనే తల్లి రక్షణ శక్తి బిడ్డకు శత్రువుగా మారే సందర్భం ఒకటి కలదు. అదే ఆర్‌హెచ్ వ్యాధి. తొలి కాన్పు సుఖంగా జరిగిన తల్లికి తరువాతి బిడ్డలు గర్భంలోనే నీరు పట్టి మరణించడం, లేదా పుట్టగానే తీవ్రమైన కామెర్ల పాలవడం ఒకప్పుడు వైద్యులకు అంతుపట్టని సమస్య.

1939లో న్యూయార్కులో ఫిలిప్ లెవిన్, రూఫస్ స్టెట్సన్ అనే వైద్యులు మృతశిశువును ప్రసవించిన ఒక తల్లి విషయం ప్రకటించారు. ఆమెకు ఎక్కించిన భర్త రక్తం, గ్రూపు ఒకటే అయినప్పటికీ, సరిపడలేదు. తండ్రి నుండి బిడ్డకు సంక్రమించి, తల్లిలో లేని ఏదో పదార్థమే ఇందుకు మూలమని వారు ఊహించారు. మరుసటి ఏడాది కార్ల్ లాండ్‌స్టైనర్, అలెగ్జాండర్ వీనర్ రీసస్ కోతుల రక్తంతో చేసిన ప్రయోగాల నుండి ‘ఆర్‌హెచ్’ అనే పేరు వచ్చింది.

ఈ కారకం లేని తల్లి, అది ఉన్న బిడ్డను ప్రసవించేటప్పుడు బిడ్డ రక్తకణాలు కొన్ని ఆమె రక్తంలో కలుస్తాయి. వాటిని పరాయివిగా ఎంచి ఆమె శరీరం ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. మలి గర్భంలో అవి మాయను దాటి, శిశువు ఎర్ర రక్తకణాలను ధ్వంసం చేస్తాయి.

కణాలు నశించినప్పుడు వెలువడే పసుపు వర్ణకం ఉమ్మనీటిలో చేరుతుంది. 1950 దశకంలో ఇంగ్లండులో డగ్లస్ బెవిస్ ఆ నీటిని సూదితో తీసి పరీక్షించి, వ్యాధి తీవ్రతను అంచనా వేయవచ్చునని చూపారు. న్యూజిలాండుకు చెందిన విలియం లైలీ ఆ పద్ధతికి మెరుగులు దిద్ది, 1963లో గర్భస్థ శిశువు ఉదరంలోకి రక్తం ఎక్కించి తొలిసారిగా సఫలులైనారు. చికిత్స పుట్టుకకన్న ముందుకు జరిగింది.

ఇక వ్యాధిని రానీయకుండా చేయడమెట్లు? ముల్లును ముల్లుతోనే తీశారు. లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్, రోనాల్డ్ ఫిన్ బృందం, న్యూయార్కులో విన్సెంట్ ఫ్రెడా, జాన్ గోర్మన్, విలియం పొలాక్ వేర్వేరుగా ఒకే మార్గం పట్టారు. సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలనే తల్లికి సూదిమందుగా ఇస్తే, ఆమె శరీరం స్వయంగా వాటిని తయారు చేసుకొనదు. 1968లో ఈ మందు అమెరికాలో అనుమతి పొందింది.

1997లో డెన్నిస్ లో బృందం తల్లి రక్తరసిలో శిశువు డి.ఎన్.ఏ. ఉన్నట్లు కనుగొంది. ఉమ్మనీటిలోకి సూది దింపకుండానే, తల్లి రక్తంతో బిడ్డ ఆర్‌హెచ్ గ్రూపును తెలుసుకొనడం దానితో సాధ్యమైంది.

యూరోపియన్లలో నూటికి సుమారు 15 మంది ఆర్‌హెచ్ నెగటివ్ కాగా, భారతీయులలో 5గురే. అరుదు గనుక ఏమరుపాటు తగదు. తల్లిలో ప్రతిరక్షకాలు ఒకసారి ఏర్పడిన పిదప ఈ మందు పనిచేయదు. పాజిటివ్ బిడ్డ పుట్టిన 72 గంటలలోగా దీనిని ఇవ్వవలెను. గర్భస్రావం జరిగినను దీని అవసరం కలుగవచ్చును. తొలి గర్భంలోనే రక్తం గ్రూపు తెలుసుకొనడం తరువాత పుట్టబోయే బిడ్డకు తల్లి ఇచ్చే రక్ష.